వయొలిన్ వాయించే అమ్మాయి పైథాన్ రాస్తుంటే

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతోంది, ఎనిమిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. ఈమధ్య మాస్టారి పాఠాలు ఫోన్లో రికార్డు చేసి, పైథాన్‌లో ప్రోగ్రాం రాసి వాటిని ముక్కలుగా కోస్తోంది. ఆ ముక్కల్లోంచి స్వరాలను ప్రోగ్రామే రాసుకునేలా చేయాలని చూస్తోంది. తోడి రాగంలో మాస్టారు గాంధారం (గ) వాయిస్తే ప్రోగ్రాం రి అనీ మ అనీ రాస్తోందట. ఆ తప్పు సరిచేస్తానని రాత్రి రెండింటిదాకా కూర్చుంటోంది. ఈఏపీసెట్ ముందు ఇదేం పని అని వాళ్ల నాన్నగారు లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేస్తానంటున్నారు. దీంతో రేపు బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: అమ్మా, లాప్‌టాప్ బీరువాలో పెట్టకండి. రాత్రి పదిన్నరకి మాత్రం అమ్మాయిని తప్పకుండా పడుకోమనండి. నిద్ర చాలని పిల్లకి లెక్కలూ ఎక్కవు, శ్రుతీ నిలవదు.

మీ అమ్మాయి తప్పు అనుకుంటున్నది నిజానికి ఈ రంగంలో పెద్దవాళ్లు కూడా తలపట్టుకునే సమస్య. అది మీకూ వాళ్ల నాన్నగారికీ అర్థమైతే సగం గొడవ తీరుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పాశ్చాత్య సంగీతం కోసం తయారైన ప్రోగ్రాములు స్వరాన్ని ఒక అంకెగా చూస్తాయి. సెకనుకు 440 కంపనాలుంటే దాన్ని ఎ అంటారు, స్వరాలను అంకెలుగా రాసే మిడి పద్ధతిలో దాని సంఖ్య 69. కంపనాలు రెట్టింపైతే సంఖ్య 12 పెరుగుతుంది. మధ్యలో ఏది వచ్చినా లాగరిథమ్ కట్టి, దగ్గర్లో ఉన్న పూర్ణసంఖ్యకు జరిపేస్తారు. పియానోకి ఇది చక్కగా సరిపోతుంది. మన వయొలిన్ దగ్గరకి వచ్చేసరికి తేడా కొడుతుంది.

మన షడ్జం, అంటే స, ఒకచోట కట్టేసింది కాదు. ఐదు శ్రుతి అంటే షడ్జం సుమారు 196 కంపనాలు. మాస్టారు ఆ రోజు శ్రుతిపెట్టె కాస్త పైకి తిప్పి 201 దగ్గర పెట్టారనుకోండి, అది ఐదుకీ ఐదున్నరకీ దాదాపు నట్టనడుమ పడుతుంది. అప్పుడు ప్రతి స్వరాన్నీ ప్రోగ్రాం ఒకసారి ఇటూ ఒకసారి అటూ తోసేస్తుంది. అందుకే ముందు షడ్జం ఎక్కడుందో పట్టుకోవాలి, తర్వాతే మిగతా స్వరాలను దానితో పోల్చి లెక్క కట్టాలి. లిబ్రోసా అనే పైథాన్ లైబ్రరీలో (సిద్ధంగా రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటలో) కంపనాలను కర్ణాటక స్వరాలుగా మార్చే పనిముట్టు ఉంది. షడ్జం ఎంతో, 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) ఏ మేళమో చెబితే స్వరం పేరు ఇస్తుంది. తోడికి 8 అని ఇవ్వాలి.

అది ఇచ్చినా గాంధారం కుదరదు. తోడి గాంధారం ఒకచోట నిలబడేది కాదు కదా. రిషభం దగ్గర నుంచి మధ్యమం దాకా ఊగుతుంది, ఆ ఊపే గాంధారం. యంత్రం క్షణక్షణానికీ కంపనాలు కొలిచి రి, మ అని రాస్తే, అది కొలిచినంతవరకూ నిజమే రాస్తోంది. దాన్ని గాంధారంగా వింటున్నది మీ అమ్మాయి చెవి. మామూలు ప్రోగ్రామర్‌కి ఇక్కడ తేడా ఉందని కూడా తెలియదు. ఆమెకు తెలిసింది, ఎనిమిదేళ్ల సాధన వల్ల. నేను ఇంత వివరంగా జవాబు రాస్తున్నది ఈ ఒక్క కారణానికే.

ముక్కలు కోసే పనిలోనూ ఇలాంటి చిక్కే ఉంటుంది. పైడబ్ అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో నిశ్శబ్దం చూసి కోసే సదుపాయం ఉంది: చప్పుడు ఇన్ని డెసిబెల్స్‌కి దిగి, ఇన్ని మిల్లీసెకన్లు అలాగే ఉంటే అక్కడ కొయ్యమని చెప్పాలి. మన క్లాసులో శ్రుతిపెట్టె మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆ నిశ్శబ్దం ఎప్పటికీ రాదు. ముందు శ్రుతి ఒక్కటే మోగుతున్న చోట చప్పుడు ఎంత ఉందో కొలిచి, హద్దు దానికి కాస్త పైన పెట్టమనండి. ధ్వని అల మధ్యలో కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది. ప్రతి ముక్క మొదలూ చివరా ఐదు పది మిల్లీసెకన్లు మెల్లగా పెంచి తగ్గిస్తే అది పోతుంది. అసలు రికార్డింగు వేవ్ ఫైలుగానే దాచుకోవాలి. ఎంపీ3ని మళ్లీ మళ్లీ కోసి సేవ్ చేస్తూ పోతే నాణ్యత కరిగిపోతుంది.

ఇక వాళ్ల నాన్నగారికి నా మాటగా ఇది చెప్పండి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 లెక్కలు, 40 ఫిజిక్స్. అమ్మాయి రోజూ వాడుతున్న లాగరిథమ్‌లు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు ఆ లెక్కల్లోవే. ధ్వనిని కంపనాలుగా విడగొట్టే ఫూరియే పద్ధతికి పునాది డిమూవర్ సిద్ధాంతం చదివిన అధ్యాయంలోనే ఉంది. ఫిజిక్స్‌లో తరంగాల పాఠం తీయమనండి. బిగించిన తీగ కంపనాలు, విస్పందనాలు అన్నీ అందులో ఉంటాయి. రెండు తీగలు శ్రుతి కలిపేటప్పుడు వినబడే ఆ ఊగులాట పేరే విస్పందనం. ఆమె వయొలిన్ మీద విన్నదే పుస్తకంలో చదువుతోంది. పరీక్షలయ్యేదాకా ఆదివారం రెండు గంటలు లాప్‌టాప్‌కి ఇవ్వండి, మిగతా రోజులు వద్దు. అమ్మాయికి ఇది కష్టంగానే ఉంటుంది, కానీ ఈ కొద్ది నెలలూ ఒప్పుకోవాలి.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెబుతాను. సంగీతం మీద మాత్రమే ప్రోగ్రాములు రాసే ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. అదొక్కటే నమ్ముకుని చదువు ఎంచుకోమని నేను చెప్పను. కానీ ఇదే విద్య మాటను అక్షరాలుగా మార్చే చోట, ఫోన్ కాల్లో రొద తీసేసే చోట, వినికిడి యంత్రాల్లో, డబ్బింగులో, పాటలు వినిపించే యాప్‌లలో కావాలి. సంగీతం కోసం నేర్చుకున్నది అక్కడెక్కడా వృథా పోదు. కాబట్టి ఈసీఈ గానీ సీఎస్ఈ గానీ తీసుకోమనండి. నా మొగ్గు ఈసీఈ వైపు, ఎందుకంటే సిగ్నల్స్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అందులో అసలు పాఠాలుగా వస్తాయి. సీఎస్ఈ వస్తే ఆ రెండూ విడిగా నేర్చుకోవాలి. పైథాన్ తర్వాత సీ ప్లస్ ప్లస్ పట్టుకోవాలి. సంగీతకారులు వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు దానిలోనే రాస్తారు.

పరిశోధన మీద మనసుంటే దారి ఇంకా విశాలం. బార్సిలోనాలోని పొంపేవు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షవియర్ సెర్రా 2011లో కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన మొదలుపెట్టారు. అందులో కర్ణాటక సంగీతం ఒక ముఖ్య విభాగం, ఐఐటీ మద్రాస్ వాళ్లు కలిసి పనిచేశారు. సంగీతాన్ని కంప్యూటర్‌తో అర్థం చేసుకునేవాళ్ల అంతర్జాతీయ సదస్సు ఇస్మిర్ 2022లో బెంగళూరులోనే జరిగింది. ఆ పత్రాలు ఉచితంగా చదువుకోవచ్చు. ఇప్పుడు అన్నీ అర్థం కావు, అయినా చూడమనండి. తన తోడి గాంధారం కోసం ఎంతమంది తంటాలు పడ్డారో తెలుస్తుంది.

ఈఏపీసెట్ రాశాక ఫలితాలు వచ్చేలోపు ఒక చిన్న పని పూర్తిచేయమనండి. మాస్టారి పాఠంలో ఇరవై నిమిషాలు తీసుకుని, ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆవర్తనం ఆవర్తనంగా (తాళం ఒక్కో చుట్టుగా) చేత్తో కోసి, ప్రతి ముక్కకీ తన చెవికి వినబడిన స్వరాలు రాయాలి. పక్కన ప్రోగ్రాం రాసిన స్వరాలు పెట్టాలి. ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అని రెండు పేజీలు రాయాలి. సగంలో వదిలేసిన పది ప్రోగ్రాముల కన్నా ఈ రెండు పేజీలే రేపు ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి పనికొస్తాయి. పాఠం మాత్రం మాస్టారిది. ఆయన్ని అడగకుండా ఒక్క ముక్క కూడా ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. అడిగినప్పుడు ఆ కాగితాలు కూడా ఆయన ముందు పెట్టమనండి, తను విన్న స్వరాలు సరో కాదో ఆయనే చెబుతారు.

వయొలిన్ క్లాసు ఏ నెలా మానిపించకండి. ర్యాంకు వచ్చాక, వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు మళ్లీ రాయండి. కాలేజీల పేర్లు ముందు పెట్టుకుని మాట్లాడదాం.