కొండల వ్యూ బాగుంది, నీళ్ళు ఎక్కడివి?

ప్రశ్న: ఆరిజోనాలోని చాండ్లర్‌లో అద్దెకుంటున్నాం. స్కాట్స్‌డేల్ దాటాక రియో వెర్డే ఫుట్‌హిల్స్‌లో 6 లక్షల డాలర్లకు ఒక ఇల్లు చూశాం. కిటికీ తెరిస్తే సగ్వారో కాక్టస్‌లు, కొండలు. మా ఆవిడకు తెగ నచ్చింది. చేతిలో 1,35,000 ఉంది. 20 శాతం డౌన్ పేమెంట్ కట్టి కొనేయమంటారా?

జవాబు: ఇల్లు నచ్చడంలో తప్పేమీ లేదు. సాయంత్రం పూట ఆ కొండలు ఎర్రబడుతుంటే నాకూ అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. కానీ ధర గురించి మాట్లాడే ముందు ఒక్క మాట అడగండి: ఆ ఇంటికి నీళ్ళు బోరువా, పైపువా, ట్యాంకరువా?

ఆ ప్రాంతంలో వందల ఇళ్ళు ట్యాంకర్ల మీదే బతికాయి. 2023 జనవరి 1 నుంచి స్కాట్స్‌డేల్ నగరం తన నీళ్ళను ఊరి బయటకు పోనివ్వబోమని ఆపేసింది. ట్యాంకర్లు దూరం నుంచి తేవాల్సి వచ్చి ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. కొందరు వాన నీళ్ళు పట్టుకుని టాయ్‌లెట్‌లకు వాడుకున్నారు. తర్వాత ఏర్పాట్లు జరిగాయి, అది వేరే సంగతి. అసలు మెలిక చట్టంలో ఉంది. ఫీనిక్స్ నగరం చుట్టుపక్కల (మీరు చూసిన చోటూ అందులోదే) ఆరు, అంతకన్నా ఎక్కువ ప్లాట్లు వేసి అమ్మేవాళ్ళు వందేళ్ళకు సరిపడా నీళ్ళున్నాయని చూపించాలి. ఐదు లేదా అంతకన్నా తక్కువ ముక్కలు చేసి అమ్మితే ఆ బాధ్యత లేదు. మీ ఇల్లు ఏ కోవలోదో కాగితాల్లో చూడండి.

ఇక లెక్క. డౌన్ పేమెంట్ 1,20,000 పోతే మిగిలేది 15,000. క్లోజింగ్ ఖర్చులు (కొనుగోలు పూర్తయ్యేటప్పుడు కట్టే ఫీజులు) 2 శాతమే అనుకున్నా 12,000. అంటే మూడు వేలతో ఎడారిలో కాపురం! జులైలో ఏసీ పాడైతే? 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. అలాంటప్పుడు రిపేరు వచ్చే నెలకు వాయిదా వేయలేం.

ఆఫీసు రాకపోకలకు రోజుకు 64 మైళ్ళు అదనం అనుకుందాం. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2025లో కారు ఖర్చును మైలుకు 70 సెంట్లుగా లెక్క కట్టింది. వారానికి మూడు రోజులు, సెలవులు పోను 48 వారాలు వెళ్ళినా ఏడాదికి దాదాపు 6,450 డాలర్లు. ఈఎంఐ చూసుకునేటప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు.

ఇంటి పక్కన ఎండిన వాగు ఉందా? మాన్సూన్‌లో అది గంటలో ఉరకలేస్తుంది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకు వర్తించదు. విడిగా తీసుకునే పాలసీ సాధారణంగా 30 రోజులకు గానీ అమల్లోకి రాదు.

నా మాట: ఇప్పుడే వద్దు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాకే కొనండి. కొండలే కావాలంటే పైపు నీళ్ళున్న ఫౌంటెన్ హిల్స్ కూడా చూడండి. ఒక వేసవి అక్కడే అద్దెకుండి చూస్తే మరీ మంచిది. ఈ ఇల్లే కావాలంటే మాత్రం పన్నెండు నెలల నీళ్ళ బిల్లులు, కరెంటు బిల్లులు అడగండి. అమ్మేవాళ్ళు నసిగితే ఆవిడకు నేను చెప్పానని చెప్పి వదిలేయండి.