డీఎన్‌ఏలో ఉన్నది పిండిపదార్థమా, చక్కెరా?

సందేహం: కార్బోహైడ్రేట్లను తెలుగులో పిండిపదార్థాలు అంటున్నాం కదా, ‘డీఎన్‌ఏలో పిండిపదార్థం ఉంది’ అని రాయవచ్చునా? చక్కెర ఉన్న డీఎన్‌ఏకు కేంద్రకామ్లం (న్యూక్లిక్ ఆమ్లం) అనే పేరు ఎలా పొసగుతుంది?

సమాధానం: అలా రాయకూడదు. ‘పిండి’ అనగానే గింజనో దుంపనో దంచి, విసిరి తీసినదే మనకు స్ఫురిస్తుంది కనుక, ‘పిండిపదార్థం’ అనే మిశ్రసమాసం బియ్యం, జొన్న, ఆలుగడ్డలలో నిల్వ ఉండే స్టార్చికి చక్కగా అమరుతుంది. ఆ ఒక్కదాని పేరే వాడుకలో మొత్తం వర్గానికి పాకింది. తిండి గురించి మాట్లాడినంతవరకు దానితో ఇబ్బంది లేదు. చిక్కంతా తిండిని దాటి జీవకణం దగ్గరికి వచ్చినప్పుడే. ఉదాహరణకు, పత్తిపోగులో దాదాపు అంతా సెల్యులోజే. అదీ స్టార్చిలాగే గ్లూకోజ్ అణువుల గొలుసు, వాటిని కలిపే బంధాల తీరు మాత్రమే వేరు. అయినా దాన్ని పిండిపదార్థమంటే ఏ నేతగాడూ ఒప్పుకోడు. అందుచేత వర్గం మొత్తాన్ని చెప్పవలసినచోట ‘కార్బోహైడ్రేట్లు’ అనడమే మేలని నా అభిప్రాయం.

ఆ మాటా నిక్కచ్చి అయినదేమీ కాదు. దాని అర్థం ‘నీరు చేరిన కర్బనం’. గ్లూకోజ్‌లో ఆరు కర్బన పరమాణువులకు ఆరు నీటి అణువుల లెక్క సరిపోతుంది గాని, డీఎన్‌ఏలోని డీఆక్సీరైబోస్‌కు, మరో కేంద్రకామ్లమైన ఆర్‌ఎన్‌ఏలోని రైబోస్ కంటే ఒక ఆక్సిజన్ పరమాణువు తక్కువ కావడం వల్ల అక్కడ ఆ లెక్క తప్పుతుంది. పేరులోని ‘డీఆక్సీ’ చెప్పేది ఆ లోటునే. ఈ రెండింటినీ చక్కెరలనడం మాత్రం సాధువే. రసాయనశాస్త్రంలో చక్కెర ఒక వర్గనామం, వంటింటి డబ్బాలోని సుక్రోజ్ అందులో ఒకటి.

ఇక ఆమ్లం సంగతి. కేంద్రకామ్లపు గొలుసులో ప్రతి కణికలోనూ ఒక చక్కెర, ఒక నత్రజని క్షారం, ఒక ఫాస్ఫేట్ ఉంటాయి. క్షారమున్నా మొత్తానికి ఆమ్లగుణం వచ్చేది ఫాస్ఫేట్ వల్ల. 1869లో ఫ్రీడ్రిష్ మీషర్ చీములోని కణాల కేంద్రకాల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసి న్యూక్లీన్ అన్నాడు. 1889లో రిచర్డ్ ఆల్ట్‌మన్ న్యూక్లిక్ ఆమ్లమన్నాడు. కేంద్రకమే లేని బాక్టీరియాలోనూ ఇవి ఉన్నాయి కనుక, కేంద్రకామ్లమనే పేరు మొదట దొరికిన చోటును చెబుతుందే తప్ప ఉండే చోటును కాదు.

మీ వాక్యాన్ని ‘డీఎన్‌ఏ అనే కేంద్రకామ్లంలో డీఆక్సీరైబోస్ అనే చక్కెర ఉంటుంది’ అని మార్చుకోండి. సవర్ణదీర్ఘసంధి చేసి ‘కేంద్రకామ్లం’ అన్నా, విడదీసి ‘కేంద్రక ఆమ్లం’ అన్నా తప్పులేదు గాని, ఒకే వ్యాసంలో రెండు రూపాలూ వాడకండి.