ముందు అప్రెంటిస్, తర్వాత ఉద్యోగం: ఈ వరుస తప్పకండి

బీటెక్ మెకానికల్ అయిపోయింది, చిన్న కంపెనీలో నెలకు 15,000 జీతం ఉద్యోగం చేతిలో ఉంది, ప్రభుత్వ రంగ సంస్థలో అప్రెంటిస్‌గా, అంటే ఏడాది శిక్షణకు వెళ్లాలా అని అడిగారు. డబ్బు సంగతి కన్నా ముందు చూడాల్సింది వరుస. ఏడాది, అంతకు మించి ఉద్యోగానుభవం ఉంటే నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) కింద గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు అర్హత పోతుంది. అప్రెంటిస్ చేశాక ఉద్యోగానికి మాత్రం ఏ అడ్డూ లేదు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, తీరా దరఖాస్తు దగ్గర ఆగిపోతున్నారు. అది చూస్తే బాధేస్తుంది.

ఈరోజే నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే ముందే సరిచేయించుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చేయించండి, లేకుంటే స్టైపెండ్‌లో, అంటే శిక్షణలో నెలనెలా ఇచ్చే డబ్బులో, ప్రభుత్వ వాటా ఆగిపోతుంది. హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఎంపిక ఎక్కువగా డిగ్రీ మార్కుల మీదే.

2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్ కనీస స్టైపెండ్ నెలకు 9,000గా పెట్టారు, ఇప్పుడు ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి. అద్దె గదిలో ఉంటే అలాంటి మొత్తం చాలదు, ఇంటి నుంచి వెళ్లగలిగే చోటే దరఖాస్తు పెట్టండి.

ఏడాది తర్వాత పర్మనెంట్ చేయాలన్న బాధ్యత సంస్థకు లేదు. డిపాజిట్ కడితే పర్మనెంట్ చేయిస్తామనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. చేరేటప్పుడు మీ కాంట్రాక్టు పోర్టల్‌లో నమోదైందో లేదో అడగండి. అది లేకపోతే చివర్లో సర్టిఫికెట్ రాదు.

మూడు నెలల్లో పిలుపు రాకపోతే ఆ 15,000 లాంటి ఉద్యోగంలో చేరండి, కానీ ఏడాది నిండితే అప్రెంటిస్ అర్హత పోతుంది కాబట్టి పదకొండో నెల దాటకముందే మళ్లీ ఆలోచించుకోండి.