పక్షిదోషం అంటున్న అత్తగారితో గొడవ పడకుండా బిడ్డకు వైద్యం చేయించడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: కావలి పక్కన పల్లెటూరు. బాబుకు పదకొండు నెలలు, బరువు ఎనిమిది కిలోలు. రెండు రోజులుగా పచ్చగా నీళ్ళ విరేచనాలు, కాస్త జ్వరం. అత్తగారు పక్షిదోషం, అంటే పక్షి నీడ పడి బిడ్డకు జబ్బు చేసింది అంటున్నారు. మాడు గుంటపడిందని ఆముదం అద్దుతున్నారు, వస అరగదీసి పోస్తామంటున్నారు, జొన్నవాడ తీసుకెళ్ళి కామాక్షమ్మ దగ్గర నిద్ర చేయిద్దామంటున్నారు. మీకేమో ఆసుపత్రికి పోవాలని ఉంది. కాదంటే ఆమె మనసు కష్టపడుతుంది, సరేనంటే బిడ్డకు ఏమవుతుందోనని భయం.

మీ అత్తగారు చూసింది తప్పు కాదు. మాడు లోపలికి పోయిందంటే ఒంట్లో నీళ్ళు తగ్గుతున్నాయని. పిల్లల డాక్టరు కూడా తడిమి చూసేది అక్కడే. పక్షిదోషానికి మనవైపు పెద్దలు చెప్పే గుర్తులు ఒక్కొక్కటే చూడండి. విరేచనం పచ్చగా పోవడం, కళ్ళు పీక్కుపోవడం, మెడ వాల్చేయడం, మొలతాడు జారిపోవడం. కళ్ళూ మెడా నీళ్ళు తగ్గిన బిడ్డ సంగతి చెబుతాయి, మొలతాడు బరువు తగ్గిన బిడ్డ సంగతి చెబుతుంది. చూసే కన్ను సరిగ్గానే ఉంది, కారణానికి పెట్టిన పేరే వేరు. ఆ పేరు మీద వాదన పెట్టుకోవద్దు. "మాడు సంగతి మీరు బాగా కనిపెట్టారు అత్తయ్యా, దానికి నీళ్ళు పట్టాలంట" అనండి. మాట అక్కడి నుంచి మొదలైతే సగం పని అయినట్టే.

మాడు గుంటపడిందంటే ఇంట్లో చూద్దాంలే అనే దశ దాటింది. ఈరోజే పీహెచ్‌సీకో, కావలి ఏరియా ఆసుపత్రికో తీసుకెళ్ళండి. ఈ దశలో బిడ్డకు కిలోకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్ పట్టిస్తారు. మీ బాబుకు 600 మిల్లీలీటర్లు. అది అక్కడివాళ్ళు చూస్తుండగా జరగాలి. కానీ బయల్దేరేదాకా ఆగకుండా ఇంట్లోనే, దారిలోనే పట్టడం మొదలుపెట్టండి.

ఓఆర్‌ఎస్ కలపడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆశా దగ్గరా అంగన్‌వాడీలోనూ ఇచ్చే పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు. చిటికెడు చిటికెడు తీసి గ్లాసులో కలపకూడదు. ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై ఫిట్స్ రావచ్చు. రెండు లీటర్లలో వేస్తే పలచనై పనిచేయదు. లీటరు వాటర్ బాటిల్ కొలత పెట్టుకుని, కాచి చల్లార్చిన నీళ్ళలో ప్యాకెట్ అంతా ఒకేసారి కలపండి. పాలల్లో, జ్యూసులో కలపొద్దు, చక్కెర చేర్చొద్దు, కలిపాక కాచొద్దు. 24 గంటలు దాటితే పారబోయాలి. మెడికల్ షాపులో చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు కూడా ఉంటాయి, మీద ఎంత రాసుందో చదివి కలపండి. ఇంకో సంగతి: అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో అలాంటి వాటిమీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ (WHO) సూత్రం ప్రకారం చేసినదేనా అని ప్యాకెట్ మీద చూసుకోవాలి.

డాక్టరు చూసి ఇంటికి పంపాక, విరేచనం అయిన ప్రతిసారీ ఈ వయసుకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే అర టీ గ్లాసు నుంచి ఒక టీ గ్లాసు. గటగటా తాగిస్తే కక్కేస్తాడు. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ రెండు మూడు నిమిషాలకొక చెంచా. ఈ పని అత్తగారి చేతికి ఇవ్వండి. పాలసీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, పెద్దవాళ్ళకు దానితో పట్టే ఓపికా నేర్పూ మనకంటే ఎక్కువ. ఉగ్గుగిన్నె ముక్కులో పాత పాలు పేరుకుంటాయి, రోజూ పది నిమిషాలు నీళ్ళలో మరగబెట్టాలి.

ఇళ్ళలో నమ్మకం చెదిరేది ఇక్కడే: "రోజంతా పట్టినా విరేచనాలు ఆగలేదు." ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు, పోయిన నీళ్ళను తిరిగి పూరిస్తుంది. ఈ ముక్క మొదటే చెప్పకపోతే రెండో రోజుకల్లా పసరు మందు బయటికొస్తుంది. త్వరగా తగ్గడానికి తోడ్పడేది జింకు: ఆరు నెలలు నిండిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల బిళ్ళ, చెంచాడు తల్లిపాలలోనో నీళ్ళలోనో కరిగించి, పద్నాలుగు రోజులు. తగ్గింది కదా అని నాలుగో రోజు ఆపేయొద్దు. విరేచనాలు కట్టేసే బిళ్ళలు పెద్దవాళ్ళవి పిల్లలకు అసలు వేయకూడదు, పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బిపోతుంది.

తల్లిపాలు ఆపొద్దు. అన్నం ఆపొద్దు. "కడుపు ఎండగడితే తగ్గుతుంది" అనే పథ్యం ఒక్కటి మాత్రం మర్యాదగానైనా కాదనాల్సిందే. దానికి బదులు గంజి ఉంది. మొలగొలుకులు పండిన జిల్లా మనది, గంజి కాయడం ఎవరికీ నేర్పక్కర్లేదు. గుప్పెడు బియ్యం మెత్తగా ఉడికించి, లీటరు గంజికి చెంచా మీద గీసినట్టు సమంగా అర టీ చెంచా ఉప్పు. ఇది మూఢనమ్మకం కాదు. పిండి పేగులో గ్లూకోజుగా మారి ఉప్పును లోపలికి లాక్కుపోతుంది, ఉప్పు వెంట నీళ్ళు పోతాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేదీ ఇలాగే. ఉప్పు మాత్రం కొలిచి వేయాలి, కళ్ళతో అంచనా వేస్తే తప్పుతుంది. పలచటి మజ్జిగ, పెరుగన్నం, చిదిమిన అరటిపండు కూడా పెట్టొచ్చు.

ఇక అత్తగారు చేద్దామన్నవి. వాటిని రెండు గంపల్లో వేసుకోండి. ఒంటి మీదా ఇంటి చుట్టూ జరిగేవి ఒకటి, నోట్లోకీ ముక్కులోకీ కంట్లోకీ పోయేవి ఇంకొకటి. మొదటి గంపలో దాదాపు అన్నిటికీ సరేననొచ్చు. దిష్టి తీయనివ్వండి, కాకపోతే ఉప్పూ ఎండుమిరపకాయలూ కాల్చేది పెరట్లో. ఆ ఘాటు బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. సాంబ్రాణి పొగ కూడా అంతే, గది తలుపులు మూసి పట్టకూడదు. తాయెత్తు మెడలో వద్దు, మొలతాడుకు కట్టమనండి. నిద్రలో దారం బిగుసుకునే ప్రమాదం, బిళ్ళ నోట్లో పెట్టుకునే ప్రమాదం తప్పుతాయి. విభూతి నొసట పెట్టొచ్చు, నాలుక మీద వద్దు. కాటుక బుగ్గ మీద, అరికాలిలో పెట్టొచ్చు, కంట్లో వద్దు. కొన్న కాటుకలో సీసం ఉండొచ్చు. మాడు మీద ఆముదం అద్దితే నష్టం లేదు, నొక్కకూడదు, వేడి చేసి పోయకూడదు. అయితే దానితో గుంట పూడదు, నీళ్ళతోనే పూడుతుంది.

రెండో గంపలో జాగ్రత్త కావాలి. వస పోస్తే మాటలు త్వరగా వస్తాయనీ, కడుపు బాగుపడుతుందనీ నమ్ముతారు. వసపిట్టలా వాగుతోందని పిల్లల్ని మురిపెంగా అనడం వింటూనే ఉంటాం. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. దాని వల్ల అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. వస పోస్తే బిడ్డకు వాంతులు కూడా కావొచ్చు, ఇప్పుడు మీ బాబుకు అసలే కాకూడనిది అదే. ఆయుర్వేదంలో కూడా వసను శుద్ధి చేశాకే మందులో కలపమంటారు. ఈ మాట పెద్దవాళ్ళకు ఇంగ్లీషు మందుల మాటకంటే బాగా ఎక్కుతుంది. "శుద్ధి చేసిందో లేదో తెలియదు కదా, ఇప్పటికి పొట్టమీద రాద్దాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. జాజికాయ అరగదీసి నాకిస్తే బిడ్డ మత్తుగా పడుకుంటాడు, అది నయమవడం కాదు. పైగా బిడ్డ నీరసమెంతో తెలియకుండా పోతుంది. వీటన్నిటికీ వాడే సానరాయి ఒక్కటే, దాని మీద ఏముందో ఎవరికీ తెలియదు.

తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండొచ్చు, పసిపేగు వాటిని అడ్డుకోలేదు. ఏడాది దాటాక దగ్గుకు రాత్రిపూట అర టీ చెంచా తేనె నిజంగానే పనిచేస్తుంది. ఆ పుట్టినరోజు దాకా ఆగుదామని చెప్పండి. ఆముదం తాగించడం, ముక్కులో నూనెచుక్కలు వేయడం రెండూ వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. జలుబుకు కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయడం మనవైపు మామూలే. రెండేళ్ళలోపు పిల్లలకు వద్దు, కొద్ది కర్పూరం మింగినా ఫిట్స్ వస్తాయి. వాము మూట వెచ్చజేసి కాపడం పెట్టాలంటే ముందు మీ ముంజేతి మీద అర నిమిషం ఆనించి చూసుకోండి.

వాతలు మాత్రం ఏ గంపలోనూ లేవు. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే కాల్చిన పసుపు కొమ్ముతోనో ఇనప కడ్డీతోనో పొట్ట మీద వాత పెట్టించే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. డొక్కలు ఎగరేయడం అంటే నిమోనియా కావొచ్చు. పొట్ట మీదికి చొక్కా ఎత్తి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40, అంతకు చేరినా దాటినా ఆసుపత్రికే. డొక్కలు లోపలికి పోతుంటే లెక్క కూడా అక్కర్లేదు.

జ్వరానికి పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, అంటే మీ బాబుకు 120. ఐదు మిల్లీలీటర్లకు 120 ఉన్న సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 2.4, మిల్లీలీటరుకు 100 ఉన్న డ్రాప్స్ అయితే 1.2. డ్రాప్స్ సీసాలోది సిరప్ అనుకుని ఐదు మిల్లీలీటర్లు పోస్తే నాలుగింతలు పైన పడుతుంది. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. దీన్ని ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో క్యాలెండరు మీద రాయండి. మీరొకసారి, అత్తగారొకసారి పోసే తప్పు తప్పుతుంది.

జొన్నవాడ సంగతి. బిడ్డను ఈ ఎండలో, ఈ నీరసంలో తిప్పొద్దు. వెళ్ళొద్దు అనకండి, ముడుపు కడదామనండి. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి దేవుడి దగ్గర పెట్టి, ఆ చేత్తోనే బిడ్డనెత్తుకుని ఆసుపత్రికి బయల్దేరొచ్చు. తగ్గాక అందరూ వెళ్ళి నిద్ర చేసి రావచ్చు. కసుమూరు దర్గాకు మొక్కేవాళ్ళూ, రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఆరోగ్యం రొట్టె పట్టేవాళ్ళూ అదే పద్ధతి. మన జిల్లాలో మొక్కుకు గడువు పెట్టిన దేవుడు ఎవరూ లేరు.

అడగలేదు గానీ, ఎండాకాలం వస్తోంది కనుక అమ్మవారు పోసినప్పటి సంగతి కూడా. వేపాకు పరచడం, విడిగా పడుకోబెట్టడం మంచిదే. ఆటలమ్మ బొబ్బలన్నీ పక్కులు కట్టేదాకా ఇతరులకు అంటుకుంటుంది. జ్వరానికి పారాసిటమాల్ వేస్తే అమ్మవారికి కోపం రాదని పూజారి చేత చెప్పించగలిగితే ఇంకా మేలు. ఆస్పిరిన్ మాత్రం వద్దు. నీటి బొబ్బలు కాకుండా దగ్గు, ఎర్రకళ్ళు, ముక్కు కారడంతో మొదలై చెవుల వెనక నుంచి దద్దుర్లు దిగితే అది తట్టు. దానికి వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ వేయించాలి. ఏడాదిలోపు బిడ్డకు ఆరు నెలలు దాటితే లక్ష యూనిట్లు, ఆ పైన రెండు లక్షలు. చూపు కాపాడేది అదే.

విరేచనాలు తగ్గాక కూడా మొలతాడు వదులుగానే ఉంటే అంగన్‌వాడీలో జబ్బ చుట్టుకొలత టేపు పెట్టించండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే అది తీవ్రమైన పోషకాహార లోపం, దానికి వైద్యం వేరే ఉంది.

ఈలోగా బిడ్డ పాలు పట్టకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఆరు గంటలు ఒంటేలు పోకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. అప్పుడిక ఎవరి మాటా అడగక్కర్లేదు.

ఆసుపత్రిలో ఇంట్లో ఏమేం పోశారో దాచకుండా చెప్పండి. పసరు ఏదైనా పట్టి ఉంటే ఆ ఆకు ఒక కాగితంలో చుట్టి పట్టుకెళ్ళండి. డాక్టరు విసుక్కున్నా సరే. అత్తగారిని కూడా లోపలికి తీసుకెళ్ళి, మాడు గుంటపడిన సంగతి ఆమె నోటితోనే చెప్పించండి. ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు అయిందో ఆమెకే సరిగ్గా గుర్తుంటుంది.