రాణిగారితో మొదలుపెట్టకు

తమ్ముడూ,

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు కుమ్మరి జొసైయా వెడ్జ్‌వుడ్ మీద నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ "వేల ప్రయోగాల తర్వాత జాస్పర్ పింగాణీ కనిపెట్టాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసి, వెంటనే షార్లెట్ రాణి మెప్పు దగ్గరికి పరుగెత్తావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. ఆ వేల ప్రయోగాలే కదయ్యా అతని జీవితం! ఒక్కో మట్టి ముక్కకీ ఒక నంబరు, పుస్తకంలో అదే నంబరు కింద పాళ్లు, అవీ పక్కవాడికి అర్థంకాని సంకేతాల్లో. ఆ ముక్కలు ఇంగ్లండులోని బార్లాస్టన్ మ్యూజియంలో ఇప్పటికీ ట్రేల నిండా ఉన్నాయి. రాణి తర్వాత వస్తుంది, ముందు ఆ ట్రేలు చూపించు.

కొలిమి వేడి సంగతి నువ్వసలు ఎత్తనే లేదు. అప్పట్లో మంట రంగు చూసి వేడిని అంచనా వేసేవారు, అంచనా తప్పితే సరుకంతా పోయేది. మట్టి కాలేకొద్దీ కుంచించుకుపోతుందన్నది పట్టుకుని, చిన్న మట్టి ముక్కల్ని కొలిమిలో పెట్టి తీసి, పోనుపోను ఇరుకయ్యే గాడిలో జరిపి, ఎంతదూరం వెళ్లిందో చూసి వేడి లెక్కగట్టాడు. 1782లో ఆ సంగతి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి చెప్పాడు, మరుసటేడు వాళ్లు సభ్యుణ్ని చేసుకున్నారు. అతను చెప్పిన డిగ్రీలు చాలా ఎక్కువని తర్వాత తేలింది. అదీ రాయాలి. దాచకు.

నాకీ పట్టుదల ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కింద మా ఊరి కుమ్మరి గురించి రాశాను, వానకు ఆవం తడిసి నెల కష్టం పోయిన రోజు గురించే సగం వ్యాసం. ఎడిటర్ గారు ఆ సగం కొట్టేసి "స్ఫూర్తి" ఉన్న సగం అచ్చేశారు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది, నోరు మెదపలేదు. ఆ కుమ్మరి పత్రిక చదివించుకుని "నా వాన ఏదయ్యా" అని అడిగాడు. ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటుంది. ఈ స్ఫూర్తి కథల మోజు ఇప్పుడు ఇంకా ముదిరింది.

వెడ్జ్‌వుడ్ కాలు సంగతీ అంతే. "విధి వంచించినా" అన్నావు. చిన్నప్పుడు మశూచి సోకి కుడి మోకాలు చెడింది, కాలితో సారె తిప్పడం కష్టమైంది, 1768 మే 28న మత్తుమందు లేకుండానే ఆ కాలు తీసేశారు. ఇంతే రాయి. అందులో విధి ఎక్కడుంది?

బానిసత్వానికి వ్యతిరేకంగా 1787లో చేయించిన పతకం గురించి రాసిన పేరా మాత్రం కదిలించింది. సంకెళ్లతో మోకరిల్లిన మనిషి, "నేను మనిషిని కానా, సోదరుణ్ని కానా" అనే ప్రశ్న. ఆ పతకాల్ని అమ్ముకోకుండా పంచిపెట్టాడు, ఆడవాళ్లు గాజుల్లో, తల పిన్నుల్లో పొదిగించుకున్నారు. దాన్ని ముట్టుకోకు, అలాగే ఉంచు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ మాట తర్వాత. ముందు కొలిమి దగ్గర మొదలుపెట్టి తిరగరాసి పంపు, పాడైన ముక్కలతో సహా.