తలుపు తీసే ముందు

చిరంజీవికి,

నీ ప్రహసనం చదివాను. మాటలు చురుగ్గా ఉన్నాయి. రెండో అంకంలో మాత్రం ఎవరికి ఏం తెలుసో నీకే గుర్తులేదు, అందుకే అక్కడ నవ్వు ఆగిపోయింది.

ఈ వారం ‘రూకరీ నుక్’ చూడు. 1930 నాటి బ్రిటిష్ టాకీ. లండన్ ఆల్డ్‌విచ్ థియేటర్‌లో 1926లో మొదలైన బెన్ ట్రావర్స్ ప్రహసనాన్ని, అందులో వేషం కట్టిన టామ్ వాల్స్ తానే దర్శకుడై తీశాడు. కొత్తగా పెళ్లయిన జెరాల్డ్ (రాల్ఫ్ లిన్) భార్య కంటే ముందు అద్దె ఇంటికి చేరతాడు. ఆ రాత్రే, సవతి తండ్రి గెంటేసిన రోడా పైజమాతో అక్కడికి వస్తుంది. ఆమెను దాచాలి. పనిమనిషి ఉంది, వదిన వరసైన గెర్‌ట్రూడ్ ఆరాలు తీస్తూనే ఉంటుంది.

మొదటిసారి ఆపకుండా చూడు. రెండోసారి కాగితం మీద నాలుగు గడులు గియ్యి: ఏ నిమిషం, ఏ తలుపు, ఎవరొచ్చారు, అప్పటికి వాళ్లకేం తెలుసు. ప్రాణమంతా నాలుగో గడిలోనే. ఒకరొచ్చి వెళ్లాక ఎవరి గడీ మారకపోతే ఆ రాక దండగ. నీ రెండో అంకానికీ ఇదే పట్టిక వెయ్యి. దండగ రాకల్ని కొట్టెయ్యి, లేదా వచ్చినవాళ్ల కంట ఏదో ఒకటి పడనివ్వు, మరిచిపోయిన చెప్పయినా సరే.

సినిమా కదలదని విసుక్కోకు. తొలి టాకీల్లో కెమెరా చప్పుడు మైకులో పడకూడదని దాన్ని మూసిన గదిలో పెట్టేవారు. నటులు మైకుకి అందకుండా పోకూడదు. అందుకే షాట్లు పొడుగు, చోటు ఇరుకు. మనకు మేలే, నటుల రాకపోకల లెక్క చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

మూడోసారి నవ్వుకి వదిలిన జాగా చూడు. రంగస్థలం మీద నటుడు హాలు సద్దుమణిగేదాకా ఆగి తర్వాతి మాట అంటాడు. తెరమీద ఆ విరామం ఒకసారి తీశాక మారదు: తక్కువైతే తర్వాతి మాట నవ్వులో మునుగుతుంది, ఎక్కువైతే పలచటి హాల్లో సన్నివేశం చల్లారిపోతుంది. రాసేవాడి చేతిలో ఉన్న ఉపాయం ఒకటే. నవ్వు మాట తర్వాత రెండు మూడు సెకన్లు కథకు కావలసిన కబురు పెట్టకు. చేత్తో చేసే పని పెట్టు: టోపీ వెతకడం, కుర్చీ జరపడం. నవ్వొచ్చినా రాకపోయినా అది నిలబడుతుంది.

రెండో అంకం తిరగరాసి, పట్టికతో సహా పంపు.

ఆశీస్సులతో.