అలాన్సో వెళ్లిపోయిన రోజు మీవాడు ఏమన్నాడు?

ప్రశ్న: మాది గుంటూరు. పద్దెనిమిదేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి లెవెన్త్ గ్రేడ్. న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ టీమ్ అంటే ప్రాణం. పోనీ గ్రౌండ్‌కెళ్లి ఆడతాడా అంటే అదీ లేదు. రాత్రి పన్నెండు దాకా స్నేహితులతో ఫోన్‌లో ‘ఫలానావాణ్ని ఇచ్చేసి ఫలానావాణ్ని తెచ్చుకోవాలి, వాడికి అంత డబ్బు దండగ’ అంటూ వాదనలే. 2025 డిసెంబరులో మెట్స్ బ్యాటర్ పీట్ అలాన్సో టీమ్ మారాడని ఆ రాత్రి అన్నం మానేశాడు. పెద్దయ్యాక జనరల్ మేనేజర్, అంటే టీమ్‌కు ఆటగాళ్లను ఎంచి తెచ్చేవాడు, అవుతాడట. మేం కంప్యూటర్ సైన్స్ అనుకుంటున్నాం. ఈసారి ప్రీకాల్క్యులస్‌లో బీ తెచ్చుకున్నాడు. ఎవడికో ఎంతివ్వాలన్నది వీడికెందుకు సార్? పైగా స్టేడియానికి తీసుకెళ్లమని గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు:

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది జనరల్ మేనేజర్ సంగతి కాదండీ, ఆ బీ గ్రేడ్. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

‘ఎవడికో ఎంతివ్వాలన్నది వీడికెందుకు’ అన్నారు. ఎవరికి ఎంతివ్వాలో తేల్చడానికే అక్కడ బేస్‌బాల్ పైస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో 30 క్లబ్బులు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాయి. నేనూ మీలాగే క్రికెట్‌తో పెరిగినవాణ్ని. డల్లాస్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో నా పక్క సీటు అతను జులై చివరి వారం వచ్చిందంటే పని పక్కన పెట్టి ఫోన్ పట్టుకునేవాడు. క్లబ్బులు తమలో తాము ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్‌ల గడువు జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో ముగుస్తుంది మరి. మనకు ఐపీఎల్ వేలం ఒకటి రెండు రోజుల తిరనాళ్ల. వాళ్లకు అది ఏడాది పొడుగునా సాగే సంత. జులైలో ట్రేడ్‌లు, చలికాలమంతా సంతకాలు, వసంతంలో పశ్చాత్తాపాలు. అతని దయవల్ల నాకూ కొంత అంటుకుంది.

ముందు మీవాడికి ఒక పరీక్ష పెట్టండి. భోజనాల దగ్గర, తిట్టే గొంతుతో కాకుండా, ‘అలాన్సోకు నువ్వైతే ఎంతిచ్చేవాడివిరా? ఎన్నేళ్లకు?’ అని అడగండి.

‘ఎంతైనా ఇవ్వాల్సిందే, మా టీమ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టింది ఆయనే’ అన్నాడనుకోండి, మీవాడు మంచి అభిమాని. అందులో తప్పేం లేదు. మెట్స్ చరిత్రలో అత్యధిక హోమ్ రన్‌ల రికార్డు నిజంగా అలాన్సోదే. కానీ అభిమానానికి జీతం ఇవ్వరు.

ఇంకో రకం జవాబు ఉంది. బాల్టిమోర్ ఓరియోల్స్ ఆయనకు ఐదేళ్లకు 15.5 కోట్ల డాలర్లిచ్చింది. ఆటగాడి విలువను గెలుపుల్లో కొలిచే లెక్క ఒకటుంది, పొట్టిగా వార్ అంటారు. కిందిస్థాయి మైనర్ లీగ్ నుంచి చవగ్గా పిలిపించుకోగల మామూలు ఆటగాడి కంటే ఇతను ఏడాదికి ఎన్ని గెలుపులు ఎక్కువ తెస్తాడు అన్నదే ఆ లెక్క. అందరూ అలాంటి మామూలువాళ్లే ఉన్న జట్టు సీజన్‌లోని 162 ఆటల్లో 48 దాకా గెలుస్తుందని అంచనా. ఆ పైన కావాల్సిన ప్రతి గెలుపునూ బజారులో కొనుక్కోవాలి. ఒక్కోదానికి 80, 90 లక్షల డాలర్ల చొప్పున లెక్కేస్తుంటారు. ఆ ధరకు 15.5 కోట్లు గిట్టాలంటే అలాన్సో ఐదేళ్లలో 17 నుంచి 19 గెలుపులు తేవాలి, అంటే ఏడాదికి మూడున్నర, నాలుగు. 2025లో ఆయన తెచ్చింది మూడున్నర దగ్గర. ఒప్పందం నాటికి ఆయనకు 31 ఏళ్లు. ఫస్ట్ బేస్‌లో ఆడే బరువైన మనిషి 35 ఏళ్ల దాకా ఇదే ఊపులో కొడతాడా? కొట్టకపోతే ఎవరు భరించాలి?

మీవాడు ఈ దారిలో మాట్లాడితే, మెట్స్ చేసింది తప్పన్నా ఒప్పన్నా నాకు ఒకటే. ‘ఏం జరిగితే నీ అభిప్రాయం మార్చుకుంటావు?’ అని ఇంకో ప్రశ్న వెయ్యండి. దానికీ జవాబుంటే ఆ కుర్రాణ్ని తేలిగ్గా తీసుకోకండి.

వాళ్ల వాదనలు మీకు గోలగా వినిపించడానికి కారణం, అందులో అసలు సరుకు మనిషి కాదు, గడువు. మీది గుంటూరు కాబట్టి కౌలు భాషలో చెప్తాను. మేజర్ లీగ్‌కు వచ్చిన ఆటగాడు ఆరేళ్ల సర్వీసు అయ్యేదాకా క్లబ్బు చేతిలోనే ఉంటాడు. మామూలుగా మొదటి మూడేళ్లు కనీస జీతం, లేదా అంతకు కాస్త పైన. 2025లో ఆ కనీసం 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్‌లో, అంటే బేరం కుదరకపోతే మధ్యవర్తులు తేల్చే పద్ధతిలో, జీతం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, ఎవరెక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోవచ్చు. అంటే ట్రేడ్‌లో కొనేది పొలాన్ని కాదు, మిగిలిన కౌలు గడువుని.

హువాన్ సోటో అనే బ్యాటర్ సంగతి చూడండి. 2022లో వాషింగ్టన్ నేషనల్స్ 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లిస్తామంటే కాదన్నాడు. ఆ ఆగస్టులో శాన్ డియేగో క్లబ్బుకు పంపేశారు. అప్పటికి గడువు రెండున్నర సీజన్లు. అందుకు బదులుగా, ఇంకో ఆటగాణ్ని కూడా జత చేసి, ఆరుగురిని పుచ్చుకున్నారు. వాళ్లలో అబ్రమ్స్, గోర్, వుడ్ ముగ్గురూ తర్వాత లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ఆల్ స్టార్ మ్యాచ్‌కు ఎంపికయ్యారు. 2023 డిసెంబరులో అదే సోటోను న్యూయార్క్ యాంకీస్ క్లబ్బు తెచ్చుకునేనాటికి మిగిలింది ఒక్క సీజనే. ఈసారి ధర ప్రధానంగా కొందరు పిచ్చర్లు, అంటే బంతి విసిరేవాళ్లు. 2024 డిసెంబరులో గడువు తీరి, మీవాడి మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. పొలం అదే, పంటా తగ్గలేదు. మారింది కౌలు కాగితం మీద మిగిలిన ఏళ్లు.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో షోహెయ్ ఒటాని అనే ఆటగాడి ఒప్పందం గురించి కూడా అడగండి, ఇంటి లోను కట్టేవాళ్లు కాబట్టి మీకు వెంటనే ఎక్కుతుంది. పేరుకు పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. అందులో 68 కోట్లు ఒప్పందం ముగిశాక, వడ్డీ లేకుండా, 2034 నుంచి ఇస్తారు. అందుకే, జట్టు జీతాలు ఒక గీత దాటితే కట్టే పన్ను లెక్కలో దాని విలువ ఏడాదికి 4.6 కోట్లే. రేపటి రూపాయి నేటి రూపాయి కాదన్న ఈ పాఠాన్ని కాలేజీలో ఫైనాన్స్ పేరుతో ఫీజు కట్టి నేర్చుకుంటారు.

ఇదంతా చూసి మీవాడు అప్పుడే సగం మేనేజర్ అయిపోయాడనుకోకండి. రోజూ వాదించడం నైపుణ్యం కాదు. అభిమానుల వాదనల్లో ఒక సుఖముంది: నిరుడు తప్పు చెప్పింది ఎవరికీ గుర్తుండదు, చెప్పినవాడికి అసలే గుర్తుండదు. ఒక నోటు పుస్తకం కొనిపెట్టండి. ప్రతి ట్రేడ్‌కూ, ప్రతి సంతకానికీ తేదీ వేసి తన అంచనా అంకెల్లో రాయాలి. ఈ ఆటగాడు వచ్చే మూడేళ్లలో ఎన్ని గెలుపులు తెస్తాడు, ఎంత శాతం నమ్మకంతో చెప్తున్నాను, ఎందుకు. కొట్టివేతలు ఉండకూడదు. ఏడాది తర్వాత తనే దిద్దుకోవాలి. నా దగ్గరికొచ్చే పిల్లలకు నేనిచ్చే సలహాలన్నిటిలోకీ అతి చవకైనది ఇదే, అతి తక్కువమంది పాటించేదీ ఇదే. తన తప్పుల పట్టిక చేతిలో ఉన్న పదిహేడేళ్ల పిల్లవాడు ఇంటర్వ్యూలో ఎంత తేడాగా కనిపిస్తాడో చెప్పలేను.

క్లబ్బుల లోపల మాటలు బయటి వాదనల్లా ఉండవని కూడా వాడికి తెలియాలి. 2014 జూన్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్ల పది నెలల ట్రేడ్ సంభాషణల నోట్స్ బయటికి పొక్కాయి. ఫలానా క్లబ్బు ఫోన్ చేసింది, వీణ్ని అడిగింది, మేం వాణ్ని అడిగాం, కాదన్నారు. ఎక్కువ భాగం ఇంతే. మన పెళ్లిసంబంధాల మాటల్లాగే వందలో ఒకటి ముడిపడుతుంది. ఆ డేటాబేస్‌లోకి దొంగతనంగా దూరినందుకు సెయింట్ లూయిస్ కార్డినల్స్ అధికారి ఒకాయన 46 నెలల జైలుశిక్ష తెచ్చుకున్నాడు. ఆటగాళ్ల విలువ తెలిపే సమాచారానికి ఉన్న విలువ అది.

బయటివాళ్లు లోపలికి వెళ్లిన దారులు నిజంగానే ఉన్నాయి. బిల్ జేమ్స్ కాన్సాస్‌లో ఆహార డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ, ఖాళీ గంటల్లో బేస్‌బాల్ లెక్కలు కట్టి 1977 నుంచి సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నాడు. పాతికేళ్ల తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ సలహాదారుగా పిలిచింది. ఏ క్లబ్బుతోనూ సంబంధం లేని వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన, బ్యాటుకు తగిలి మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా (బ్యాటర్ ఔట్ కాకుండా బేస్ చేరతాడా) కాదా అన్నది చాలావరకు పిచ్చర్ చేతిలో ఉండదని 2001లో లెక్కలతో రాశాడు. ఆయన్నీ రెడ్ సాక్స్ తీసుకుంది. ఇద్దరూ ఎవరైనా సరిచూసుకోగలిగేలా రాసిపెట్టారు, గమనించండి. ఇక మెట్స్‌ను ఇప్పుడు నడిపిస్తున్న డేవిడ్ స్టెర్న్స్ న్యూయార్క్‌లో మెట్స్ అభిమానిగా పెరిగినవాడే. 30 ఏళ్లకే మిల్వాకీ బ్రూవర్స్‌కు జనరల్ మేనేజర్ అయ్యాడు. అలాన్సోను పోనిచ్చిందీ ఆయన హయాంలోనే. ఈ మాట మీవాడితో కాస్త నెమ్మదిగా అనండి.

కానీ అక్కడున్నవి 30 క్లబ్బులే. జనరల్ మేనేజర్ స్థాయి కుర్చీలు ఒక్కో చోట ఒకటీ రెండూ. కింది ఉద్యోగాలకు, అంటే విశ్లేషణ విభాగంలో అనలిస్టులకు, ఐవీ లీగ్ పిల్లలు, పీహెచ్‌డీలు వరసకడతారు. ఫర్హాన్ జైదీ బర్కిలీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తూ 2005లో ఓక్‌లాండ్ క్లబ్బులో చేరాడు, తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌ను నడిపాడు. పోటీ ఆ స్థాయిలో ఉంటుంది. చాలామందికి తొలి మెట్టు సీజన్ పాటు ఉండే ఇంటర్న్‌షిప్. జీతం సాఫ్ట్‌వేర్ కంపెనీల ముందు తీసికట్టు. రాత్రి ఆటలు, ఊరు మారడాలు. కాబట్టి ‘బేస్‌బాల్ తప్ప ఇంకేమీ వద్దు’ అనే చదువు చదివించకండి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి నేను ఓటెయ్యను, అది టిక్కెట్లు అమ్మే వైపుకు పనికొచ్చేంతగా ఈ వైపుకు పనికిరాదు. సిరక్యూస్‌లాంటి చోట్ల స్పోర్ట్ అనలిటిక్స్ డిగ్రీ ఉంది, మంచిదే. అయినా నా మనసు స్టాటిస్టిక్స్ మేజర్, కంప్యూటర్ సైన్స్ మైనర్ వైపే. మీ ఇంటిపక్కనే రట్గర్స్ యూనివర్సిటీ ఉంది, ఆ రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజుతో (ఇన్‌స్టేట్) ఆ రెండూ చదువుకోవచ్చు. క్లబ్బు దొరక్కపోతే ఇన్సూరెన్స్‌లో యాక్చువరీ, బ్యాంకులో రిస్క్, ఏ కంపెనీలోనైనా ధరల నిర్ణయం. రేపు ఏమవుతుందో తెలియని వస్తువుకు ఇవాళ ధర కట్టడమే వాటన్నిటిలో పని. మీ కంప్యూటర్ సైన్స్ కోరికా సగం తీరుతుంది.

ఇక ఆ బీ. వార్ వెనక, వయసుతో ఆట ఎలా తగ్గుతుందో చెప్పే వక్రరేఖల వెనక ఉన్నది ప్రాబబిలిటీ, కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా. ప్రీకాల్క్యులస్ గట్టిగా రానివాడు వీటిలో దేనినీ తాకలేడు. ‘బేస్‌బాల్ మానెయ్, లెక్కలు చదువు’ అనకండి, వినడు. ‘లెక్కలు రాకపోతే స్టెర్న్స్ ఆఫీసు గడప కూడా తొక్కలేవు’ అనండి, అది నిజం కూడాను. వచ్చే ఏడాది ఏపీ కాల్క్యులస్, ఏపీ స్టాటిస్టిక్స్ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సులు) రెండూ తీసుకోవాలి. ఈ వేసవిలో కంప్యూటర్ భాషల్లో పైథాన్ గానీ ఆర్ గానీ ఒకటి, దానితోపాటు డేటాబేస్‌లకు వాడే ఎస్‌క్యూఎల్. అభ్యాసానికి డేటా కొనక్కర్లేదు. బేస్‌బాల్ సావంత్ అనే వెబ్‌సైట్‌లో 2015 నుంచి ప్రతి బంతి వేగం, తిరుగుడు ఉచితంగా దొరుకుతాయి. రెట్రోషీట్ అనే ఇంకో సైట్‌లో దశాబ్దాల కిందటి ఆటల వివరాలున్నాయి. కాలేజీకి వెళ్లాక బేస్‌బాల్ పరిశోధకుల సేబర్ సంఘం విద్యార్థి జట్ల కోసం పెట్టే డైమండ్ డాలర్స్ పోటీకి వెళ్లమనండి. ఆటగాళ్ల మీద ఒక నిర్ణయం తీసుకుని క్లబ్బులవాళ్ల ముందు సమర్థించుకోవడమే ఆ పోటీ.

హైదరాబాద్ నుంచి ఎంఎస్‌కు వెళ్లి ఇదే కల కంటున్నవాళ్లకు ఒక్క మాట. మీ గడువు లెక్క వేరు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సుకు ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, మొత్తం 36 నెలలు, తర్వాత హెచ్-1బీ లాటరీ. సీజన్‌తో ముగిసిపోయే ఇంటర్న్‌షిప్‌కు అందులో ఎన్ని నెలలు ఖర్చుపెట్టగలరో ముందే లెక్కేసుకోండి. మాస్టర్స్ మొదటి వేసవిలో సీపీటీ (చదువుతుండగానే పనిచేసే అనుమతి) మీద చేస్తే నష్టం తక్కువ.

మీవాడి రాత్రి పన్నెండు సంగతి: పదకొండుకు ఫోన్ హాల్లో పెట్టాలి, ట్రేడ్ గడువు రోజు తప్ప. ఆ ఒక్కరోజు మినహాయింపు మీరే ఇస్తే మిగతా 364 రోజులు బేరం తేలికవుతుంది.

స్టేడియానికి తీసుకెళ్లండి. ఎడిసన్ నుంచి మెట్స్ స్టేడియం సిటీ ఫీల్డ్ మరీ దూరమేం కాదు. ఖరీదైన ముందు వరస సీట్లు వద్దు, పై అంతస్తులో చవక సీట్లు కొనండి, బ్యాటర్ మారినప్పుడల్లా ఫీల్డర్లు ఎటు జరుగుతున్నారో అక్కణ్నుంచే బాగా కనిపిస్తుంది. నోటు పుస్తకం కూడా తెచ్చుకోమనండి. పార్కింగ్ రద్దీకి భయపడి, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడో ఇన్నింగ్స్‌లోనే లేచి రావద్దు. అలాన్సోను పోనిచ్చినందుకు స్టెర్న్స్‌నైనా క్షమిస్తాడేమో గానీ, ఈ విషయంలో మిమ్మల్ని క్షమించడు.